గోడకు తెచ్చిన బెల్లం

ఫిబ్రవరి 10, మంగళవారం

అక్షరాలు వంకర, తప్పులు చాలా. ఊరి బడి చదువు అంతవరకే... కాగితమా, ఓర్చుకో.

రాతి గోడ నడుము ఎత్తు లేచింది. గది నా భార్య మరియమ్మ కోసం. కాలి పుండుతో స్లాబు వేడికి పడుకోలేకపోతోంది. సిమెంటు వద్దన్నాను. బాపట్ల నుంచి గుల్ల సున్నం తెప్పించాను. గోడ గట్టిపడ్డానికి అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి కలుపుతున్నాడు మేస్త్రి దానియేలు — మరియమ్మ తమ్ముడు.

బెల్లం అచ్చు నిన్నటి కన్నా చిన్నదయింది. నా కళ్ళేనా?

ఫిబ్రవరి 11

చిన్నదే.

ఫిబ్రవరి 12, గురువారం

దానియేలు క్యారియర్ మీదే నా కళ్ళు. పొద్దున అన్నంతో బరువు. సాయంత్రం ఖాళీ అయ్యాక కూడానా...? మూత మీదికి చెయ్యి పోయింది. చూశాడు.

"ఏంటి బావా, నా కూరలో ఉప్పు చూస్తావా?"

మరియమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 13

తెనాలి ఆసుపత్రి. కాలికి కట్టు మార్చారు. డాక్టరమ్మ కోపం — "షుగర్ దిగట్లేదేంటండి? ఇట్టాగే ఉంటే వేలు తీసెయ్యాలి."

"రాగి జావేనండి, ఇంకేం తినట్లేదు" — మరియమ్మ.

నేను తలూపాను.

ఫిబ్రవరి 14, శనివారం

అడిగేశాను. "బెల్లం తగ్గుతోంది, దానియేలూ."

తాపీ ఆపాడు. అక్క వైపు చూశాడు. "ఇంటికి మోసుకుపోతున్నానంటావా?"

నేను బెల్లం కుండ వైపు చూశాను.

"నన్నెందుకు, చీమల్నడుగు బావా."

తాపీ కడుక్కుని రేపల్లె బస్సెక్కేశాడు. గోడ సగంలో ఉంది. సున్నం మీద తడి గోనె కప్పాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

మరియమ్మ ఆటోలో చర్చికి వెళ్ళింది.

చీమల వెంట నడిచాను. బెల్లం కుండ... గడప... మంచం కోడు. తలగడ కింద చీర పేలిక మూట. బెల్లం ముక్కలు. పళ్ళ గాట్లు.

మళ్ళీ కట్టి అక్కడే పెట్టాను.

వచ్చాక "ఏంటండి, అలా ఉన్నారు?" అంది. ఎండ, అన్నాను.

ఫిబ్రవరి 16

దానియేలుకు ఫోన్. తప్పయిందని అనబోయాను. అతనే — "అక్క కాలెట్టా ఉంది బావా?"

అంటే తెలుసు. చూసి ఊరుకున్నాడా? తనే అక్క చేతిలో పెట్టాడా? అడగలేదు.

"రేపొస్తాను. బెల్లం తీసి ఉంచు."

ఎక్కడ ఉంచను? కుండలో ఉంచితే ఆమె తింటుంది. దాస్తే — నేను చూశానని తెలిసిపోతుంది. తెచ్చేది మానేస్తే గోడ...

కాగితమా, నువ్వు ఎవరికీ చెప్పవు. నాకైనా చెప్పు. తొందరగా చెప్పు. తెల్లారితే మేస్త్రి వచ్చేస్తాడు.