లిండెన్ టీ అని చెప్పి

ట్రోయాన్, జూలై 19

అమ్మాయీ కలీనా,

ఆస్పత్రి దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి తిరిగాను. నీ ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. చదివాక నువ్వు ఏమన్నా పడతాను.

నువ్వు మాత్రలు మింగలేదు తల్లీ. నిన్ను ఆ స్థితికి తెచ్చింది నేను.

కామెన్ పుట్టాక నువ్వు నవ్వడం మానేశావు. దిగులు తగ్గడానికి ఏడాదిగా వాడుతున్న మాత్రలు పనిచేయడం లేదని డాక్టరు వాటిని మెల్లగా తగ్గించి ఆపేసి, కొత్తవి మొదలుపెట్టాడు. గుణం కనబడడానికి నెల పడుతుందన్నాడు. ఆ నెల రోజుల ఓపిక నాకు లేకపోయింది. పక్కింటి పేన్కా కంచె మీద మోచేతులానించి, "నీ కోడలికి పట్నం మాత్రలెందుకే వెలీచ్కా? మన పసుపు పువ్వు కషాయం పట్టించు. వారం తిరక్కుండా నీతోనే పోట్లాటకు దిగుతుంది చూడు!" అంది. మూలికలేవీ వద్దని మీ డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. అయినా ఊరంతా మూలికలు కోసే ఎన్యో పండుగ నాడు పొద్దు పొడవకముందే కొండెక్కాను. ఆ వేళకు కోసిన మూలికకు బలం రెట్టింపని మా అమ్మ అనేది. ఒడి నిండా కోసుకొచ్చాను. రోజూ తాగే లిండెన్ పూల టీ అని చెప్పి, తేనె కలిపి, మూడు పూటలా నీ చేత తాగించాను. మాత్రా పువ్వూ కలిస్తే ఇంకా తొందరగా కోలుకుంటావనుకున్నాను.

ఐదో రోజుకు నీ చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట, జ్వరం, కాళ్లు బిగుసుకుపోవడం, పొంతన లేని మాటలు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది. "మాత్రలు కాక ఇంకేమైనా ఇచ్చారా అమ్మా? కషాయాలు, ఆకులు, ఏదైనా సరే దాచకండి. ఈ మందు ఇంకోదానితో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది."

"ఏమీ లేదమ్మా" అన్నాను.

మా అబ్బాయి ఇవైలో నీ పాత మాత్రల ఖాళీ పెట్టె పట్టుకొచ్చి, "ఇందులోవన్నీ మింగేసిందమ్మా. చచ్చిపోదామనుకుంది" అని గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆ మాత్రలు మానేసిన రోజే వాటిని పారేయమని నాకిచ్చావు. మాత్రలు నేనే పొయ్యిలో వేసి, పెట్టె అలాగే ఇంట్లో ఉంచేశాను. ఆ మాట కూడా చెప్పలేదు. కన్నకొడుకు నా మొహం చూడడేమోనని భయపడ్డాను. ఇప్పుడేమో వాడు కామెన్‌ను నీ దగ్గరికి తేవడం లేదు. పిల్లాడు నా ఒళ్లో నిద్రపోతుంటే నీ దగ్గర దొంగిలించి తెచ్చుకున్నట్టుంది నాకు.

ఇది డాక్టరమ్మకు చూపించు. పోస్టులో వేయగానే ఇవైలోకు నేనే చెబుతాను.

నీకు తీరని అన్యాయం చేసిన
వెలీచ్కా


జూలై 23

అత్తయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి నలిపి మూలకు విసిరేశాను. తర్వాత నేనే వెళ్లి తీసుకున్నాను.

ఆ రోజులేవీ నాకు గుర్తులేవు. మాత్రలు మీకిచ్చిన సంగతీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి అందరూ "ఎందుకు మింగావు?" అని అడగడమే. మింగలేదన్నాను. అడిగిందే అడుగుతుంటే నా మీద నాకే నమ్మకం పోయింది. ఇంతమంది అంటున్నారంటే చేసే ఉంటానని, పోయిన వారం నేనే మింగానని రాసిన ఆస్పత్రి కాగితం మీద సంతకం కూడా పెట్టాను. కామెన్‌ను తేవద్దన్నది ఇవైలో కాదు, నేను. తను మీకు చెప్పినట్టు లేదు. బిడ్డను వదిలి చావబోయిన దాన్ని, ఏ మొహంతో ఎత్తుకోను అన్నాను.

డాక్టరమ్మ మీ ఉత్తరం నిలబడే చదివింది. "ఆ రోజే చెప్పి ఉంటే!" అని ఒక్కటే అంది. నేను సంతకం పెట్టిన కాగితం తెప్పించి, నా కళ్లముందే అడ్డంగా గీత కొట్టింది.

నిన్న ఇవైలో వచ్చాడు. మీరు చెప్పారట. ఆదివారం పిల్లాణ్ణి తెస్తానన్నాడు. మిమ్మల్ని చూడాలని ఇప్పుడైతే లేదు, కోపం ఎన్నాళ్లుంటుందో నాకే తెలియదు. కానీ మీరు రాయకపోతే నా గురించి నాకు నిజం తెలిసేది కాదు.

వాణ్ణి వదిలి వెళ్లాలని నేను అనుకోలేదు అత్తయ్యా. ఒక్కనాడూ అనుకోలేదు.

కలీనా