నల్లమూట, అయిదు తీగల గిటారు

బాన్సువాడ,
18 నవంబరు 2003.

చిరంజీవి సృజన్‌కు మీ అవ్వ పోసవ్వ దీవించి రాసేది. నా మోకాళ్లు తప్ప ఇంట్లో అందరూ బాగున్నారు. ఫోనులో నువ్వు చెప్పేది నాకు సగమే వినబడుతుంది. మిగిలిన సగం ఏమై ఉంటుందా అని వారం రోజులు ఫికర్ పెట్టుకుంటాను. అందుకే ఈ ఉత్తరం. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే దిద్దుకొని చదువుకో.

నీ ఎడమ భుజం పైకి లేవడం లేదట. మీ నాయిన దేవిదాస్ ఈ మాట నాకు చెప్పలేదు. గోడ అవతల మీ అమ్మ ప్రసన్నకు చెబుతుంటే విన్నాను. పెండ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు గిటారు వాయించే పిల్లవాడికి భుజం ఎందుకు నొస్తుంది బిడ్డా? డోలు కొట్టేవాడికి నొస్తుందంటే నమ్ముతాను. నిజం రాయి. దవాఖానకు పోయినవా లేదా అదీ రాయి.

నీ జవాబు వచ్చేదాకా గడప మీదే కూర్చునే,
అవ్వ

తా.క. ఇంటి దగ్గర బెల్లం అమ్మకం మొదలుపెట్టాం. పక్కింటి సమ్మవ్వ మొన్న రెండు కిలోలు తీసుకొని, తక్కెడ ముల్లు వంక దొంగను చూసినట్టు చూసి, "మీ తూకం మీ ఇంటి దిక్కే వంగుతది పోసవ్వా" అని పోయింది. ఆమె అలా అనని రోజు నాకు అన్నం సయించదు.

హైదరాబాద్,
25 నవంబరు 2003.

అవ్వకు దండాలు.

ఫికర్ చేయకు, చెయ్యి విరగలేదు. నాది మామూలు గిటారు కాదు, బాస్ గిటారు. పాట కింద గుమ్‌గుమ్‌మని మోగేది అదే. మామూలుగా దానికి నాలుగు తీగలు. ఇప్పటి పాటల్లో స్వరాలు ఇంకా కిందికి పోతున్నాయి, అందుకే నాది అయిదు తీగలది. బరువు అయిదున్నర కిలోలు. పట్టీతో ఎడమ భుజానికి వేసుకొని రిసెప్షన్ మొదలైనప్పటి నుంచి చివరి బంతి భోజనాలు అయ్యేదాకా నిలబడాలి.

మా ఆర్కెస్ట్రా ఓనర్ వినోద్‌కుమార్ నిన్న నేను భుజం రుద్దుకోవడం చూశాడు. "మాఘమాసంల దినాం ప్రోగ్రాములున్నయి తమ్మీ. నిలవడలేనంటె ఇప్పుడే చెప్పు, కీబోర్డోడు ఎడమచేత్తోని నీ పని గూడ చేస్తడు" అన్నాడు. అన్నంత పని చేసే మనిషి. అందుకే మాఘం లోపల తేలికైనది, నాకు అందే ధరలో ఒకటి కొనాలి.

మూడు చూశాను. ఒకటి మంచి చెక్క, మంచి మోత, బరువు మాత్రం ఇప్పటి దానికి అన్న. రెండోది ఆరు తీగలది, తేలికే, కానీ దాని మెడ పీటంత వెడల్పు, నా వేళ్లు అవతలి తీగకు అందవు. మూడోది అయిదు తీగలు, చిన్న ఒళ్లు, మూడున్నర కిలోలు, ధర కూడా పరవాలేదు. అదే తీసుకుందామనుకుంటున్నా.

నీ మనవడు,
సృజన్

తా.క. దవాఖానకు పోయిన. డాక్టరు "బరువు మోయకు" అన్నాడు, అంతే.

బాన్సువాడ,
1 డిసెంబరు 2003.

చిరంజీవి సృజన్‌కు అవ్వ రాసేది. నీ ఉత్తరం అంది నాలుగుసార్లు చదివాను. చదివిన కొద్దీ భయం పెరిగింది.

అయిదున్నర కిలోలకు ఎవరి భుజం పోతుంది బిడ్డా? నేను నిన్ను ఒక చంకలో, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని కాలువ గట్టు మీద నడిచినదాన్ని. డాక్టరే బరువు మోయకు అన్నాడంటే నువ్వు మోస్తున్నది గిటారు కాదు. బియ్యం గోదాంలో హమాలీ పని చేస్తున్నవు, మాతో దాస్తున్నవు. హమాలీ పని తప్పు కాదు, దాచడం తప్పు. మీ మేనత్త మొగుడు మహిపాల్ ట్రాక్టర్ సామాను కోసం హైదరాబాద్ వస్తున్నాడు. చెప్పకుండా వచ్చి చూస్తాడు.

ఒకవేళ గిటారు మాట నిజమే అయితే, నోటి మాట నమ్మి కొనకు. మీ తాత ఎద్దును కాడి కింద పెట్టి ఊరి చుట్టూ తిప్పితే గాని కొనేవాడు కాదు. నువ్వు కూడా దాన్ని భుజానికి వేసుకొని అన్నం ఉడికేంత సేపు దుకాణం ముందు తిరుగు. దుకాణపాయన కోపం చేస్తే అవ్వ చెప్పిందని చెప్పు.

నిజం తెలిసేదాకా నిద్ర పట్టని,
అవ్వ

తా.క. మహిపాల్ వస్తాడని నీకు చెప్పవద్దనుకున్నాను. పైన రాసేశాను. చదవనట్టు ఉండు.

హైదరాబాద్,
14 డిసెంబరు 2003.

అవ్వకు దండాలు.

మహిపాల్ మామ వచ్చాడు. నేను రోజంతా గిటారు తుడుస్తూ కూర్చున్నా రాలేదు. సాయంత్రం ఫంక్షన్ హాలు ముందు వ్యాన్ లోంచి సౌండ్ బాక్సు భుజాన వేసుకొని దింపుతుంటే, సరిగ్గా అప్పుడు వచ్చాడు. సామాను మేమే దింపుకుంటాం అవ్వా, అందరం తలో చెయ్యి వేస్తాం. మామ ఏమీ అడగలేదు, నా వంక జాలిగా చూసి, పెండ్లి భోజనం చేసి వెళ్లిపోయాడు. స్టేజీ మీద నేను వాయించడం చూడనే లేదు. నీకు ఏం చెప్పాడో తలచుకుంటేనే భయంగా ఉంది.

మూడో గిటారు కొన్నాను. నువ్వు చెప్పినట్టే భుజానికి వేసుకొని, రెండు చేతులా పట్టుకొని దుకాణం ముందు అటూ ఇటూ తిరిగాను. దుకాణపాయన ఏమనలేదు, బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నేను ఎత్తుకొని పారిపోతానని. తేలికగా ఉంది అవ్వా, భుజానికి ఉన్నట్టే లేదు.

ఇప్పటికైనా నమ్మమని వేడుకునే,
సృజన్

తా.క. దానితో ఫోటో దిగి పంపుతున్నా. అందులో హమాలీలు లేరు.

బాన్సువాడ,
20 డిసెంబరు 2003.

చిరంజీవి సృజన్‌కు అవ్వ రాసేది. మహిపాల్ వచ్చీరాగానే "పిలగాడు పెట్టెలు మోస్తుండు అత్తా, కానీ కూర మంచిగుండె" అన్నాడు. మీ అమ్మ, నేను సాయంత్రం దాకా ఏడ్చాము. మరునాడు ఫోటో వచ్చింది. ఇగ ఏడుపు ఆపాము. ఫోటోలో నువ్వు చిక్కిపోయావు, అది వేరే మాట.

ఇప్పుడు కొత్త భయం. ఇంట్లోకి ఏ కొత్త సామాను వచ్చినా దిష్టి మూట కట్టకుండా వాడిన రోజు లేదు. మోటారు పంపుకు కట్టాం, ట్రాక్టరుకు కట్టాం. నీ గిటారును పెండ్లికి వచ్చిన వందల మంది చూస్తారు, దానికి మాత్రం ఏమీ లేదు. పాత గొడుగు బట్టలో పటిక, ఉప్పుకల్లు, ఇనుప ముక్క వేసి మూట కట్టాను. బస్సు డ్రైవరు తావుర్యాతో పంపుతున్నా. గిటారు తల మీద, అందరి కండ్లూ ముందుగా దాని మీదే పడేటట్టు కట్టు. తీశావంటే నా మీద ఒట్టు.

మూట చేరిందని తెలిసేదాకా బస్సు దారి చూసే,
అవ్వ

తా.క. బెల్లం అంటుకొని తక్కెడ పళ్లాలు జిగురు పట్టాయి. వాటిని విప్పి కడిగిన రోజే నీ మూట కట్టాను. అందుకే మూటకు కాస్త బెల్లం వాసన వస్తే అనుమానపడకు.

హైదరాబాద్,
2 జనవరి 2004.

అవ్వకు దండాలు.

నీ మూట అందింది. అరకిలో ఉంది. గిటారు గురించి నీకు ఒక మాట చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా. ఒళ్లు తేలిక, కానీ మెడ పొడుగు, తల మీద అయిదు తీగల మరలు. చెయ్యి తీస్తే చాలు, తల నేలకు వంగుతుంది. దుకాణం ముందు రెండు చేతులా పట్టుకొని తిరిగాను గదా, అందుకే తెలియలేదు. ఎడమ చేత్తో తీగలు నొక్కాలా, మెడను లేపి పట్టుకోవాలా? భుజం నొప్పి పోయి మణికట్టు నొప్పి వచ్చింది.

ఆ తల మీద నీ మూట కట్టాను. కొత్త సంవత్సరం ప్రోగ్రాంలో చెమట తుడుచుకుందామని చెయ్యి తీశాను. గిటారు కిందికి దిగి, మా ఆర్కెస్ట్రాలో పాటలు పాడే నీల ముందరి మైకును కొట్టింది. మైకు పోయి ముందు వరుసలో పెద్దమనిషి ఒడిలో పడింది. ఆయన దాన్ని పట్టుకొని అందరికీ శుభాకాంక్షలు చెప్పాడు కాబట్టి సరిపోయింది. వినోద్‌కుమార్ నవ్వలేదు. "మాఘంల మొదటి పెండ్లి చూస్త. గీ తమాషా మల్లయితే ఇగ నువ్వు రాకు" అన్నాడు.

కొత్తది కొనే తాహతు లేదు. పాతది వేసుకుంటే భుజం లేదు.

ఏం చేయాలో తోచని,
సృజన్

తా.క. మూట తీసేయమని అందరూ అంటున్నారు. నీ ఒట్టు ఉంది గనుక బ్యాగులో పెట్టుకొని తిరుగుతున్నా.

బాన్సువాడ,
8 జనవరి 2004.

చిరంజీవి సృజన్‌కు అవ్వ రాసేది. మెడ వాల్చే ఎద్దును మీ తాత ఆ వారమే తిరిగి ఇచ్చేసేవాడు. నీ దుకాణపాయన తీసుకుంటాడో అడుగు. తీసుకోకపోతే, అది వంగడం దిష్టి వల్లనే. మూట రాకముందు ఎవరి కన్ను పడిందో.

బ్యాగులో పెట్టుకుంటే మూట పని చేయదు. తల మీద వద్దంటున్నారా, సరే, వెనక కట్టు. ఫోటోలో చూశాను, పట్టీ తగిలించే కొన ఉంది గదా, నీ కుడి నడుము పక్కన, అక్కడ కట్టి అంగీ కింద దాచుకో. ఎవరికీ కనబడదు. కానీ కట్టు. మీ నాయిన "వాడికి ఆ పని పోతేనే మంచిది, చెరుకు తోటకు వస్తడు" అన్నాడు. నేను కూడా మొదట అట్లే అనుకున్నాను. ఫోటోలో నీ మొఖం చూసిన తర్వాత అనుకోవడం మానేశాను. నీ పని పోవద్దు బిడ్డా.

ముడుపు కట్టి కూర్చున్న,
అవ్వ

తా.క. ఇక్కడ ఒక వింత. సమ్మవ్వ వారం నుంచి తూకం మీద ఒక్క మాట అనడం లేదు. "నీ అసుంటి ధర్మం మనిషి లేదు పోసవ్వా" అని పొగుడుతుంది. బిచ్కుంద నుంచి వాళ్ల అక్కను, డోంగ్లి నుంచి వాళ్ల వియ్యపురాలిని తీసుకొచ్చి మరీ బెల్లం కొనిపిస్తుంది. ఆమె నన్ను పొగిడితే నాకు గుండె దడ వస్తుంది. ఏదో కీడు ఉంది.

హైదరాబాద్,
27 జనవరి 2004.

అవ్వకు వేయి దండాలు.

దుకాణపాయన తిరిగి తీసుకోనన్నాడు. నీ మాట ప్రకారం మూటను వెనక కొనకు కట్టి, అంగీ కింద దాచాను. స్టేజీ ఎక్కి, భయపడుతూ, ఎడమ చెయ్యి కొద్దిగా వదిలాను. వంగలేదు. ఇంకాస్త వదిలాను. వంగలేదు. చెయ్యి పూర్తిగా తీసి జేబులో పెట్టుకున్నాను. గిటారు తక్కెడ కాడలాగా నిలబడింది అవ్వా. తల బరువుకు మూట బరువు సరిపోయింది. మొత్తం కలిపి నాలుగు కిలోలు, పాతదాని కంటే ఎంతో తేలిక. చివరి బంతి లేచేదాకా వాయించాను, భుజం నొయ్యలేదు, మణికట్టు నొయ్యలేదు. వినోద్‌కుమార్ దగ్గరికి వచ్చి, "మాఘం మొత్తం నువ్వే" అని ఒక్క మాట అని పోయాడు.

ఫిబ్రవరి ఎనిమిదిన మన బాన్సువాడలోనే పెండ్లి ప్రోగ్రాం. నీకు ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను. వచ్చి చూడు.

నీ మూట పుణ్యాన నిలబడ్డ,
సృజన్

తా.క. కీబోర్డు వాయించేవాడు తనకూ ఒక మూట కావాలంటున్నాడు. వాడిది టేబుల్ మీద ఉంటుంది, వంగే పనే లేదు. అయినా కావాలట.

బాన్సువాడ,
10 ఫిబ్రవరి 2004.

చిరంజీవి సృజన్‌కు అవ్వ రాసేది. మొన్న నిన్ను కండ్లారా చూశాను. నీ గిటారు మోగితే నా కుర్చీ కింద నేల మోగింది. అంత మోత నీ వేళ్ల నుంచి వస్తున్నదంటే నమ్మలేకపోయాను. మీ నాయిన నా పక్కన కూర్చొని కాలుతో తాళం వేశాడు. నేను చూడగానే ఆపాడు. చెరుకు తోట మాట ఇగ ఎత్తడు.

కానీ బిడ్డా, పాట మధ్యలో నీ అంగీ పైకి లేచి మూట కనబడింది. దానికి ఎర్ర దారం ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను నీ దిష్టి మూటకు కట్టింది నల్ల దారం.

ఇంటికి రాగానే తక్కెడ దగ్గరికి పోయాను. మన తక్కెడకు ఒక పళ్లెం పాతది, ఒకటి కొత్తది, తేలిక. రెండూ సమంగా నిలవడానికి, బెల్లం వేసే కొత్త పళ్లేనికి ఇసుక, ఇనుప బిళ్లలు వేసి ఒక మూట కట్టి ఉంచేవాళ్లం. దాన్నే పాసంగం అంటారు, నీకు తెలిసే ఉంటుంది. అదీ అదే గొడుగు బట్టే, దారం మాత్రం ఎర్రది. పళ్లాలు కడిగిన రోజు రెండు మూటలూ కిటికీలో పక్కపక్కన పెట్టాను. నా కండ్లు మసక. నీకు పాసంగం పంపాను. మీ అమ్మ మిగిలిన మూటను, అంటే నీ దిష్టి మూటను, తక్కెడకు కట్టింది. అది పాసంగంలో సగం బరువు కూడా లేదు. బెల్లం పళ్లెం తేలిపోయి, తూచిన ప్రతిసారీ పావుకిలోకు పైగా ఎక్కువ పోయింది. సమ్మవ్వ పొగడ్తలకు అర్థం ఇప్పుడు తెలిసింది.

మొదట భయపడ్డాను. ఇన్నాళ్లూ నీకు ఏ రక్షా లేదు గదా అని. తర్వాత నెమ్మదిగా కూర్చొని ఆలోచించాను. వంగేదాన్ని నిలబెట్టడమే పాసంగం పని. అది దాని పనే చేసింది. నీకు ఏమీ కాలేదు, నీ పని నిలిచింది. పోయిన బెల్లం పోయింది, సమ్మవ్వ చుట్టాలంతా తీపి తిన్నారు. ఎన్నాళ్లకో నిన్న కడుపునిండా అన్నం తిన్నాను.

పాసంగం నీ దగ్గరే ఉంచుకో. తక్కెడకు కొత్తది చేసుకున్నాం. ఈసారి అసలు దిష్టి మూటనే తావుర్యా చేత పంపుతున్నా. దాన్ని గిటారుకు మాత్రం కట్టకు, తూకం తప్పుతుంది. జేబులో పెట్టుకో.

ఇప్పటికి స్థిమితపడ్డ,
అవ్వ

తా.క. ఈ పొద్దున సమ్మవ్వ కొత్త పాసంగం కట్టిన తక్కెడలో బెల్లం తూయించుకొని, "మల్ల మీ ఇంటి దిక్కే వంగుతది గదా పోసవ్వా" అని మూతి తిప్పుకొని పోయింది. నా ప్రాణం చల్లబడింది.