పక్క సీటు బరువు

జూన్ 3, సోమవారం

మావారికి కారు పిచ్చి మళ్లీ తిరగబెట్టింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్పోర్ట్ సెడాన్ పక్కన గొంతుక్కూచుని, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందులో చెయ్యి దూర్చి, చూశావా, నాలుగు వేళ్లు పడుతున్నాయి, ఇది కారా లారీయా అన్నాడు. లోయరింగ్ స్ప్రింగులని పొట్టివి ఉంటాయట. అవి వేస్తే బండి నేలకి ఆనుకుని పులిలా ఉంటుందట. స్ప్రింగులు దండగండీ, నేను రోజూ ఎక్కి కూచుంటాను, ఆర్నెల్లలో అదే దిగుతుంది అన్నాను.

నవ్వలేదు.

ఈ మధ్య నా వేళాకోళాలకి నవ్వడం మానేశాడు. పోయిన నెల కారు వెనక ఎల్ బోర్డు అంటించి ఆఫీసుకి పంపాను. సాయంత్రం వచ్చి, ఊళ్లో జనం ఎంత మర్యాదస్తులయ్యారో, అందరూ ఆగి మరీ దారిస్తున్నారు అన్నాడు. అత్తయ్యా నేనూ వంటింట్లోకి పరిగెత్తి గోడకేసి తిరిగి నవ్వాం. తెలిశాక ఆ బోర్డు పీకి చెత్తబుట్టలో పడేశాడు, అంతే. ఇదివరకైతే ఊరుకునేవాడా? మర్నాడు నా కుట్టుమిషన్‌లో దారం మాయమయ్యేది, కత్తెరకి తాళం పడేది.

జూన్ 5

స్ప్రింగుల షాపుకి నన్నూ తీసుకెళ్లాడు. అంటే నేనే ఇంటి ముందరి నా టైలరింగ్ దుకాణానికి తాళం వేసి, ముందు సీట్లో ఎక్కి కూచున్నాను.

షాపాయన్ని అందరూ తూకం మేష్టారంటారట. పెళ్లిసంబంధం చూడవచ్చినట్టు అన్నీ అడిగాడు. వెనక ఎవరైనా కూచుంటారా, దారిలో గతుకులున్నాయా, డిక్కీలో ఏం వేస్తారు? రెండు సెట్లు బయటపెట్టాడు. ఒకటి రెండు వేళ్లు దించుతుంది, ఇంకోటి మూడు. ఎంత దించితే స్ప్రింగు అంత గట్టిగా ఉండాలట, లేకపోతే గుంటలో పడ్డప్పుడల్లా బండి పొట్ట నేలకి రాసుకుంటుంది. పైగా మరీ దించితే చక్రాల తలలు లోపలికి వాలతాయట, ఇద్దరాడవాళ్లు గుసగుసలాడుకుంటున్నట్టు. అప్పుడు టైరు లోపలంచు అరిగిపోతుంది, పైకి కనపడదు.

ఈయన మూడు వేళ్ల సెట్టు మీద చెయ్యి వేశాడు. మనిషినైనా బండినైనా మరీ దించకూడదండీ అన్నాను. వాదిస్తాడనుకుని నడుం బిగించాను. ఆ సెట్టు వెనక్కి నెట్టి, సరే, రెండు వేళ్లే, ఎక్కి దిగేవాళ్లకి కూడా సుఖంగా ఉండాలి కదా అన్నాడు.

నా మోకాళ్ల నొప్పి గుర్తుంది మనిషికి. ఇంటికొచ్చేదాకా నోరు మూసుకుని కూచున్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

జూన్ 8

కారు దిగింది. బాగుంది, ఒప్పుకోక తప్పదు. పక్కింటాయన గేటు దగ్గరికొచ్చి పంక్చరా అని అడిగాడు. అడగమని చెప్పింది నేనే.

జూన్ 15, శనివారం

కొత్త స్ప్రింగులు వారం రోజులు తిరిగి సర్దుకున్నాకే అలైన్‌మెంట్, అంటే చక్రాల వాలు సరిచెయ్యడం, చెయ్యాలట. ఇవాళ ఒక్కడే వెళ్లి చేయించుకొచ్చాడు. చీకటిపడ్డాక వచ్చాడు. ఈల వేస్తూ వచ్చాడు. బాణంలా వెళ్తోంది, స్టీరింగ్ మీద వేలు పెడితే చాలు అన్నాడు.

ఆయన ఈల విని ఎన్నాళ్లయిందో.

జూన్ 16

చెల్లెలింటికి వెళ్లొచ్చాం. దారి పొడుగునా సణుగుడే. కారు ఎడమకి లాగుతోందట. నాకేమీ తెలియలేదు, ఈయన చేతులకి తెలుస్తుంది. నిన్న సాయంత్రం తిన్నగా వెళ్లిందే, ఇవాళేం రోగం అని రెండుసార్లు దిగి టైర్లలో గాలి చూశాడు. ఆ తూకం మేష్టారికి వయసు మీదపడిందన్నాడు. రేపు ఆఫీసులో మీటింగ్, నువ్వు పట్టుకెళ్లి గట్టిగా అడుగు, నీ నోటికి భయపడి సరిగ్గా చేస్తాడు అన్నాడు.

నా నోరు ఒకందుకు పనికొచ్చింది.

జూన్ 17, సోమవారం. మధ్యాహ్నం

గట్టిగానే అడిగాను. వయసైపోతే ఇంట్లో కూచోవచ్చుగా, జనం బళ్లు పాడుచెయ్యడమెందుకు అన్నాను. తూకం మేష్టారి మొహం మాడిపోయింది. కారు మళ్లీ మెషిన్ ఎక్కించాడు. గోడవారన ఇసుక సంచులున్నాయి, ఒక్కోదాని మీద సుద్దతో కిలోలు. కొన్ని డ్రైవర్ సీట్లో పేర్చాడు, కొన్ని పక్క సీట్లో. పిండప్రదానమా అని అడిగాను. లేదమ్మా, మనుషులు కూచుంటే బండి వంగుతుంది, చక్రాలు కదులుతాయి, అందుకని రోజూ ఎక్కేవాళ్ల బరువు పెట్టే కొలత తీస్తాను, ఈ ఊళ్లో ఇలా చేసేది నేనొక్కణ్ణే అన్నాడు.

తెర మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. ఒక్కటీ ఎర్రగా లేదు. చూడండి, వెంట్రుకవాసి తేడా లేదు, మీవారు ఏ బరువులు చెప్పారో అవే పెట్టాను, ఆయన ఎనభై, పక్కన యాభై రెండు అన్నాడు.

అన్నాక నన్ను చూశాడు. పైనించి కిందిదాకా చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

నేను డెబ్భై ఎనిమిది. పెళ్లినాడు కూడా యాభై రెండు లేను.

నాకే ముందు నవ్వొచ్చింది. మా ఆయన ఇంకా నన్ను చంకనెత్తుకోవచ్చనుకుంటున్నాడండీ అన్నాను. మేష్టారూ పాపం నవ్వబోయాడు, కుదరలేదు. మామూలువాళ్లకి ఈ తేడా తెలియదమ్మా, మీవారి చేతులకి తెలిసుంటుంది అని ఒక రెంచీ తీసుకుని, తుడిచిందే తుడిచాడు. ఎంత తేడా అని నేను అడగలేదు.

ఈయన మనుషులతో అబద్ధమాడతాడు. నాతో ఆడతాడు, ఆఫీసులో ఆడతాడు, కన్నతల్లితో ఆడతాడు. కారుతో మాత్రం ఆడడు.

టైలర్ని కదా, దారంతా కొలతలు తీస్తూనే వచ్చాను. యాభై రెండంటే నడుము ఇంత, భుజం ఇంత. రెడీమేడ్ బట్టలు తిన్నగా పట్టేస్తాయి, ఎక్కడా విప్పి కుట్టక్కర్లేదు.

అదే రోజు, సాయంత్రం

అత్తయ్యకి చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. ఆవిడ తువ్వాలు మడత పెడుతోంది. మడత పెట్టిందే మళ్లీ విప్పి పెట్టింది. అయ్యో పిచ్చిదానా, అది నా బరువే, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడుగా, అందుకని చెప్పుంటాడు అంది.

రా అత్తయ్యా అని చెయ్యి పట్టుకుని తూకం మిషన్ ఎక్కించాను. నలభై మూడు. ఆవిడ ముల్లుని చూసింది. చెప్పులు తీసేశాను కదా, అందుకూ అంది.

ఎన్నాళ్లుగా తెలుసు అని అడగబోయి మానేశాను. ఆవిడ మిషన్ మీద అలాగే నిలబడి ఏడ్చింది. ముల్లు వణికింది.

జూన్ 18

ఈయన కారు గురించి అడిగాడు. మెషిన్‌లో అంతా కరెక్టుగానే ఉందటండీ అన్నాను.

జూన్ 20, గురువారం

ఇవాళ చేసినంత పెద్ద తుంటరిపని జన్మలో చెయ్యలేదు.

ముదురు నీలం కాన్వాసు గుడ్డ తెచ్చి, ఊహించిన కొలతలతో మనిషంత సంచీ కుట్టాను. తల కుట్టలేదు, మొహం తెలియదు కనక. తూకం మేష్టారి దగ్గర యాభై రెండు కిలోల ఇసుక అరువడిగాను. ఎందుకని అడగలేదు, ఆయనే తెచ్చి దించి వెళ్లాడు. భోజనాల బల్ల దగ్గర నా కుర్చీలో కూచోబెట్టాను. ముందు కంచం, మంచినీళ్లు. అత్తయ్య వద్దే, వద్దే అంటూ గదిలోకెళ్లి తలుపు ఓరగా వేసుకుంది.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరవచ్చు. లేదూ, పాతరోజుల్లోలా పగలబడి నవ్వితే, ఏమో, నేనూ నవ్వేసేదాన్నేమో. వంటింటి గడప మీద నిలబడి ఈ రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

వచ్చాడు. చూశాడు. ఎవరు చెప్పారు అన్నాడు. మీరే చెప్పారు, కిలోల్లో చెప్పారు అన్నాను.

బ్యాగు కింద పెట్టాడు. వంగి, వీపు కింద ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి వేసి ఆ సంచీని ఎత్తుకున్నాడు. గ్యాస్ సిలిండర్‌ని కాలితో దొర్లించే మనిషి. ఈడ్చలేదు. ఆ గోడకీ ఈ గోడకీ తగలకుండా పక్కకి తిరిగి నడిచి, సోఫాలో మెల్లిగా దించాడు. పక్కకి ఒరిగిపోతుంటే సర్ది నిలబెట్టాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇక అడగడానికేమీ మిగల్లేదు.

నా కుర్చీలో నేను కూచున్నాను. ఆ కంచంలోనే తిన్నాను. చెప్దామనే అనుకుంటున్నాను, ఈ నెలాఖరుకి వెళ్లిపోదామనుకుంటున్నాను అన్నాడు. ఎక్కి దిగేవాళ్లకి సుఖంగా ఉందా అని అడిగాను. తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో నా ముందు ఆయన తల దించడం ఇదే మొదలు. గెలిచినట్టే అనుకోవాలి.

జూన్ 22

కుట్లు విప్పి ఇసుక తిరిగిచ్చేశాను. తూకం మేష్టారు నేల చూస్తూ, అమ్మా, బండి తీసుకురండి, మీ బరువుకి మార్చి ఇస్తాను, ఎవరికీ చెప్పను అన్నాడు. అప్పుడు ఆ యాభై రెండు కిలోలు కూచున్నప్పుడల్లా కుడికి లాగుతుంది. ఈయన దిగి టైర్లలో గాలి చూసుకుంటూ చస్తాడు. ఎంత బాగుంటుంది! నా ఒంటికి పట్టే పనే.

వద్దులెండి అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నా మాటే నాకు కొత్తగా వినపడింది.

జూన్ 30

వెళ్లాడు. డిక్కీ సరిపోక రెండు పెట్టెలు వెనక సీట్లో పెట్టుకున్నాడు. ముందు సీటు ఖాళీగానే ఉంది.

జూలై 14, ఆదివారం

అత్తయ్యని తీసుకెళ్లడానికి వచ్చాడు. కొత్త ఇంట్లో ఆవిడకి గది సిద్ధం చేశాడట. నేను దుకాణంలో మిషన్ తొక్కుతూనే ఉన్నాను, గుడ్డ లేకుండా.

ఆవిడ కారు దాకా వెళ్లింది. ఈయన తలుపు తీసి పట్టుకున్నాడు. వంగి లోపలికి చూసి, అబ్బే, ఇంత కిందికి నేనెక్కలేనురా అంది. మొన్నటిదాకా చిన్నపిల్లలా దూకి ఎక్కేది.

వచ్చి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూచుంది. ఆ సూదిలో దారమేదే అంది.