ఆరు వరుసల యంత్రం

జూన్ 4, 1985

అమీర్‌పేటలో ఫోటోకాపీ తీయించిన కంప్యూటరు మాన్యువల్ ముప్పై పేజీలూ చదివేశాను. కరపత్రం కన్నా పదును! పెద్ద కంప్యూటరు ఒక్కటే. కానీ ఆరు వరుసలు రాసిస్తే చాలు — పేరు, ఇంత మెమరీ, ఒక ప్రింటరు, డిస్కులో ఇన్ని సిలిండర్ల (నేలకి గజాల్లాగా, డిస్కుకి అదే కొలత) చోటు — దాని లోపలే ఇంకో కంప్యూటరు పుడుతుంది. ఇనుము లేదు, తీగ లేదు. రాసిందే యంత్రం! కూర్చున్నవాడికి మొత్తం తనదే... సమానత్వం అంటే ఇది కాదూ?

జూన్ 6

పంజాగుట్ట ఆఫీసులో మేనేజరు మూర్తిగారితో గొడవ. ట్రైనీలు ఏడుగురం కిటికీలోంచి ప్రోగ్రాము కొట్టిన కార్డుల కట్ట అందించి, జవాబు కోసం రెండేసి రోజులు బెంచీ మీద కూర్చోవాలట! ఏడుగురికీ ఏడు యంత్రాల కాగితాలు రాసి ఆయన బల్ల మీద కొట్టాను.

"గొంతు తగ్గించవయ్యా. మెషీనేమైనా నీ బాబుదా?"

"ఎవరి బాబుదీ కాదు సార్. అందుకే అడుగుతున్న."

నవ్వాడు. నవ్వాడు! సోమవారం నుంచి వారం గడువు. ఒక్క పొరపాటు జరిగినా మళ్ళీ కిటికీయే.

జూన్ 10

ఏడూ పుట్టాయి! బోరబండ నుంచి నడిచొచ్చే యాదగిరి, మాలో చిన్నవాడు, కీబోర్డు మీద చేతులు పెట్టి — "గిది మొత్తం నాదేనా అన్నా?"

నీదేరా!

జూన్ 11

ఆపరేటర్ ఖలీల్ భాయ్ చాయ్ ఇప్పించాడు. "మస్తు చేసినవ్ మియా."

జూన్ 12

పక్క సెక్షన్ విజయగారి రక్తదాతల జాబితా పోయింది. ఆఫీసు పనయ్యాక, ఎవరూ అడక్కుండానే, ఇరవై రోజులు కూర్చుని టైపు చేసింది. ఇప్పుడు సగం పేర్లు లేవు. వాటి చోట యాదగిరి అభ్యాసాలు.

ఆమెకు ముందునుంచీ ఉన్న యంత్రం కాగితం తీసి చూశాను. డిస్కు వరుసలో రెండు సంఖ్యలు: 41, 60. నలభై ఒకటి నుంచి అరవై దాకా అనుకుని, అరవై ఒకటి నుంచి యాదగిరికి రాశాను. రెండో సంఖ్య ఎక్కడిదాకా అని కాదు, ఎన్ని సిలిండర్లు అని! వంద దాకా ఆమెవే. కబ్జా చేశాను... నేను!

ఖలీల్ భాయ్ చెవిలో — "జర సబర్, ఓపిక పట్టు. డిస్కే ఖరాబైందని చెప్త. నీ ఏడు మిషన్లు బతుకుతయ్."

నోరు మూసుకోమని అరిచాను. సాయంత్రం దాకా నోరు మూసుకున్నది మాత్రం నేనే.

జూన్ 13

చెప్పలేదు.

జూన్ 14

విజయగారికి చెప్పేశాను.

"ఏంటీ, మీరా? అన్ని ఉపన్యాసాలిస్తారే, నన్నొక్క మాట అడగడానికి నోరు రాలేదా?"

తిట్టనీ. తర్వాత నా కాగితాలు లాక్కుని, ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో డిస్కూ కొలిచింది. నాలుగో దాని దగ్గర ఆగింది. "ఇదీ తప్పే. రేపో మాపో ఇంకొకరిది పోయేది." ఖలీల్ భాయ్ డిస్కు నకళ్ళు తీసిన పాత టేపులు వెతుకుతున్నాడు — జాబితా కొంతైనా దొరకచ్చు.

సిగ్గుతో చచ్చిపోతున్నా లోపల ఉత్సాహం ఆగదు! ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దచ్చు. పెన్సిల్‌తో బాగయ్యే యంత్రం!

ఇంతలో మూర్తిగారి కబురు, ఎవరు చెప్పారో. "ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరూ రండి."

గది బయట కూర్చుని రాస్తున్నాను. మా పాత బెంచీయే. కాగితాలు ఆమె ఒళ్ళో. ఎర్ర గీతలు పైకే కనిపిస్తున్నాయి. లోపల ఎవరో ఉన్నారు... తర్వాత మేమే. ఏడు యంత్రాలో, మళ్ళీ కిటికీయో.