ఓడ పేరు కోసేశాడు

21 నవంబరు 1987, శనివారం

ఒళ్ళు మండిపోతోంది. నా బంగారు తల్లి సరోజ కాకినాడలో ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో నాకోసం కొన్న నూరేళ్ళ కిందటి తెరచాప ఓడ అచ్చుబొమ్మను పటం కట్టమని ఇస్తే, ఆ పటాల వీరయ్య పాడుచేశాడు. నేను కూడబెట్టిన ఏడు సరుకు ఓడల బొమ్మల్లో ఇంత అందమైనది లేదు. గుడి దగ్గర అతని దుకాణంలో చట్రాలన్నీ రాములవారి పటాల కొలతలే. ఆ చట్రంలో పట్టలేదని బొమ్మ కింది అంచు కోసేశాడు. ఓడ పేరు, ఏడాది అచ్చువేసి ఉన్నది అక్కడే.

"బొమ్మ మంచిగనే ఉన్నది గద కాకా. ఆ ఇంగ్లీషు ముక్కలు ఎవరు చదువుతరు?" అన్నాడు.

"నా బిడ్డ చదువుతది. ఆ ముక్క ఏది?"

"వేరే పటం ఎనక అంటించిన. పర్ణశాల ఊరోళ్ళెవరో ఆ పటం కొనుక్కపోయిండ్రు."

పైగా అద్దం మీద, సరిగ్గా తెరచాప నడుమ, కుంకుమబొట్టు పెట్టి ఇచ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నిమ్మళంగా, "నువ్వే అంటివి గద కాకా, దేవుడి పటం లెక్క కట్టియ్యమని" అన్నాడు.

నేను అన్న మాట నిజమే. దాంతో నా మీద నాకే మరింత మండింది. సరోజ రెండుసార్లు చదివి వినిపించిన ఆ పేరు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. రేపు బస్సు దిగగానే ఆ పిల్ల మొట్టమొదట ఈ బొమ్మనే చూపించమంటుంది...