చిన్న కూతురి గొంతు

మార్చి 3, సోమవారం

చిరంజీవి చెల్లికి,

అక్క ఆశీస్సులు. మరిదిగారికి నమస్కారాలు చెప్పు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. మీరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే గాని తెలిసేదెలా? గొంతు బాగోలేదు, ఫోన్ వద్దు, ఉత్తరాలు రాసుకుందాం అన్నావు. ఏం గొంతునొప్పే అది, ఇన్నాళ్ళు? సరే, అడగనులే.

అసలు కబురు చెబుతాను, కూర్చుని చదువు. నేను రాజునయ్యాను!

మన పొడుగు లేదూ, కాలేజీలో నా పక్కన కూర్చునేది, ఇప్పుడు నాటకాలకు దర్శకత్వం చేస్తోంది, అదే. ఈసారి షేక్స్పియర్ నాటకం ఎత్తుకుంది. ముసలి రాజు ముగ్గురు కూతుళ్ళకు రాజ్యం పంచుతానని కూర్చుంటాడు. నోరారా పొగిడిన ఇద్దరికీ అంతా రాసిచ్చేసి, పొగడ్డం చేతకాని చిన్నదాన్ని వెళ్ళగొడతాడు. ఆనక ఆ ఇద్దరూ తలుపులేసుకుంటే గాలివానలో పడి తిరుగుతాడు. అందులో రాజు, అల్లుళ్ళు, మంత్రులు, సైనికులు అందరూ ఆడవాళ్ళమే. మగపురుగు లేదు.

కిరీటాలూ కత్తులూ లేవు. రాజంటే ఒక పెద్ద కంపెనీ యజమాని. కోటు వేసుకుని పొడవాటి బల్ల దగ్గర కూర్చుంటాడు. పెద్ద కూతుళ్ళిద్దరూ మైకు పట్టుకుని తండ్రిని ఆకాశానికెత్తేస్తారు. చిన్నది మైకు పక్కన పెట్టేసి మామూలుగా మాట్లాడుతుంది. మీసాలు, గడ్డాలు, బొంగురు గొంతులు ఏవీ వద్దని పొడుగు ముందే చెప్పేసింది. మమ్మల్ని కూర్చోబెట్టి ముందు కూర్చోవడమే నేర్పింది. మోకాళ్ళు ఎడంగా పెట్టి, పక్కవాళ్ళ చోటు కూడా మన సొంతమే అన్నట్టు. అది అలవాటైపోయి మొన్న బస్సులో అలాగే కూర్చున్నాను. పక్కావిడ నన్ను చూసిన చూపుంది చూడు! మరిదిగారు వింటే గడ్డం లేని రాజేమిటి వదినా అంటారు, తెలుసు.

నవ్వుకో. కానీ ముప్పై ఏళ్ళుగా నేను వేసినవన్నీ అమ్మ వేషాలు, అత్త వేషాలు. కొడుకు వచ్చేదాకా ఎదురుచూడ్డం, వచ్చాక ఏడవడం, ముఖం కడుక్కుని ఇంటికి పోవడం. మొదటిసారి నాటకమంతా నా భుజాల మీద ఉంది. అందుకే భయం కూడా. ఎవరో లాగేసుకుంటారేమోనని.

ఊరికే అనడం లేదు. రిహార్సల్సు ఒక ఫర్నిచర్ కొట్టు పైఅంతస్తులో జరుగుతాయి. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి అందరూ గుసగుసలాడుతుంటారు. ఏమిటే సంగతి అంటే ఏమీ లేదంటారు. చిన్న కూతురి వేషం వేసే అమ్మాయిని పిచ్చుక అంటారు. మనిషీ అంతే ఉంటుంది, గొంతు అంత కూడా ఉండదు. పెదాలు కదులుతాయి, మాట రాదు. ఆ పిల్లను ఎందుకు తీసుకున్నట్టు?

ఉంటాను.
నీ అక్క

మార్చి 21, శుక్రవారం

చెల్లికి దీవెనలు.

నీ జవాబు అందింది. అనవసరంగా అనుమానాలు పెట్టుకోకు, ఆ పిల్ల మంచిదట అని రాశావు. ఆ 'అట' ఎక్కణ్ణుంచి వచ్చిందే? నీకెవరు చెప్పారు?

ఇక్కడ సంగతులు విను. మొదటి రంగంలో నేను బల్లకు ఈ చివర, కూతుళ్ళు ఆ చివర ఉండేవాళ్ళం. పొడుగు ఇప్పుడు అంతా మార్చేసి అందరినీ నాకెదురుగా నిలబెట్టింది. ఎవరూ నా వెనక నిలబడి మాట్లాడకూడదట. అలా ఎందుకని అడిగితే, యజమాని ముఖం చూడకుండా ఎవరు మాట్లాడతారే అంది. జవాబు బాగానే ఉంది. మరీ బాగుంది.

గాలివాన సంగతి ఇంకా విచిత్రం. ఉరుము చప్పుడు కోసం ఇనపరేకు మోగించగానే నేను పరిగెత్తుకు రావాలి. ఇప్పుడు రేకు కాదు, మెరుపు లైటు వెలగ్గానే రావాలట. నా పెద్ద రంగం అది! దాన్ని కూడా కోసేస్తారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

పిచ్చుకకు చనువు ఎక్కువైంది. తన మాట పూర్తవగానే నా మణికట్టు పట్టుకుని నొక్కుతుంది. ఎందుకమ్మా అంటే డైరెక్టరుగారి వైపు వేలు చూపించి తల దించుకుంటుంది. ఎప్పుడూ డైరెక్టరుగారే.

పోనీ ఇదంతా నా చాదస్తమే అనుకో. నిన్న కాస్త ముందుగా వెళ్ళాను. మెట్ల మలుపులో పిచ్చుక గోడకేసి తిరిగి ఏదో వల్లిస్తోంది. చేతిలో కాగితాలు. దగ్గరికి వెళ్ళి చూస్తే నా మాటలే! రాజు మాటలు. ఒకటీ రెండూ కాదు, మొదటినుంచీ చివరిదాకా గీతలు గీసుకుని ఉన్నాయి. నన్ను చూసి ముఖం తెల్లబోయింది. రాజు మాటలు నీకెందుకు అని గట్టిగానే అడిగాను. ఏదో అంది. అది కూడా నాకు వినబడేలా అనలేదు. లోపలికి పారిపోయింది.

నేరుగా పొడుగు దగ్గరికెళ్ళి, నా వేషం దానికిద్దామనుకుంటే ఇప్పుడే చెప్పు, కోటు ఇక్కడే విప్పేసి పోతానన్నాను. అది నా భుజం మీద చెయ్యేసి, పిచ్చిదానా, ఈ నాటకం ఎత్తుకున్నదే నీకోసం అంది. ఎంత ముద్దుగా చెప్పిందో! మైకు పట్టుకున్న పెద్ద కూతుళ్ళు గుర్తొచ్చారు.

నువ్వైనా నిజం చెప్పు. నీకేమైనా తెలుసా?

నీ అక్క

ఏప్రిల్ 6, ఆదివారం

చెల్లికి దీవెనలు. మరిదిగారికి నమస్కారాలు.

నిన్న సాయంత్రం మొదటి ప్రదర్శన అయింది. హాలు నిండింది. ఆడవాళ్ళు అల్లుళ్ళుగా కాలరెగరేసుకుంటూ వస్తుంటే మొదట్లో నవ్వారు. కాసేపటికి నవ్వు పోయింది. నేను వానలో కోటు విప్పేసినప్పుడు ముందు వరుసలో ఒకాయన ముఖం దాచుకున్నాడు. వాళ్ళ నాన్న గుర్తొచ్చాడో, తనే గుర్తొచ్చాడో. నాటకం అయ్యాక అందరూ లేచి నిలబడ్డారే. ఇంతకాలం అలా నిలబడింది ఎప్పుడూ నాకోసం కాదు.

అంత సంతోషంలోనూ మనసు కుదురుగా లేదు. పిచ్చుక తనున్న ఏ రంగంలోనూ నా మణికట్టు వదల్లేదు. తెర పడ్డాక చివరి వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ మేకప్ గదిలోకి వచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి పిచ్చుకను కావలించుకుంది. ఆవిడేమందని కోటు కుట్టిన టైలరమ్మను అడిగాను. చిన్న కూతురి ప్రతి మాటా చివరి వరుసదాకా వినిపించిందందట.

పక్కన నిలబడ్డ నాకు వినిపించనిది చివరి వరుసకు వినిపించిందట! ఆ పెద్దావిడ ఎవరి చుట్టమో, ఎవరు పంపారో ఆరా తీయాలి.

పొడుగుతో తేల్చేశాను. వచ్చే శనివారం రెండో ప్రదర్శన. ఆ పిల్లయినా ఉండాలి, నేనైనా ఉండాలి. గొంతు లేనిదాన్ని నెత్తిన పెట్టుకుని నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారన్నాను. కావాలంటే ఖాళీ హాల్లో చివరి వరుసలో నా పక్కన కూర్చో, ఆ పిల్లను మైకు లేకుండా మాట్లాడమను, నీకే తెలుస్తుందన్నాను. సరే, మంగళవారం రా అంది పొడుగు.

తర్వాత ఏమైందో రాస్తాను.

నీ అక్క

తా.క. ఆదివారం రాసిన ఉత్తరం పోస్టు చేయలేదు. ఇవాళ బుధవారం. కింద రాసేది చదివాక పైదంతా చించేసినా సరే.

నిన్న మధ్యాహ్నం హాలుకు వెళ్ళాం. పొడుగు నా పక్కన కూర్చుంది. టైలరమ్మ నిచ్చెనెక్కి తెరకు కొక్కేలు బిగిస్తోంది. పిచ్చుక స్టేజీ మీదికి వచ్చి, నిద్రపోతున్న తండ్రి పక్కన కూర్చుని చిన్న కూతురు మాట్లాడే రంగం ఎత్తుకుంది. ఆ చోట నేను కళ్ళు మూసుకుని పడుకుని ఉంటాను కదా, ఇంతవరకూ చూడనేలేదు. నిన్న చూశాను. పెదాలు కదిలాయి. లేని తండ్రి జుట్టు చేత్తో సర్దింది. మాట మాత్రం ఒక్కటీ లేదు. అయిపోగానే, చూశావా, ఏమైనా వినబడిందా అంటూ గెలిచినదానిలా పొడుగు వైపు తిరిగాను.

పొడుగు ఏడుస్తోంది. నిచ్చెన మీద టైలరమ్మ కొక్కెం చేతిలోనే పట్టుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

హాల్లో వినడానికి ఉన్నది మేం ముగ్గురం. ఇద్దరు విన్నారు.

పొడుగే నా ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఫోన్లో నేను సంబంధం లేని జవాబులు చెబుతున్నానని ముందు కనిపెట్టింది నువ్వేనట కదా. పొడుగుకు చెప్పిందీ నువ్వేనట. నాకెందుకు చెప్పలేదే అంటే, చెబితే నీ సంగతి మాకు తెలీదా, నా వల్ల నాటకం పాడవుతుందని వేషం వదిలేసి ఇంట్లో కూర్చుంటావు, నాటకం ఆడేశాక చెబుదామనుకున్నాం అంది. పిచ్చుక నా మాటలన్నీ నేర్చుకున్నది నా వంతు ఎక్కడొస్తుందో తెలుసుకుని మణికట్టు నొక్కడానికి. నేను తడబడితే తను అందుకుని రంగం నిలబెట్టడానికి. ఆ పిల్లనే నేను వెళ్ళగొట్టమన్నాను.

నీ మీద కోపం ఉంది. అది వేరే ఉత్తరంలో రాస్తాను.

ఇవాళ పొద్దున చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పిచ్చుకను కూడా రమ్మన్నాను. దారిపొడుగునా క్షమించమని ఎలా అడగాలో తేలక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నేను సరిగ్గా వినక చాలాకాలమే అయిందన్నాడు డాక్టరు. చూద్దామని ఒక మిషను చెవికి పెట్టాడు. ముందు ఫ్యాను మోత, తర్వాత ఎవరో కాగితం తిప్పిన చప్పుడు. అంతలో నా వెనకనుంచి, అమ్మా, మీ చెప్పు కుర్చీ కిందికి వెళ్ళిపోయింది, తీయనా అని వినబడింది.

కాస్త బొంగురు గొంతే. ఎంత బాగుందో!

నేను పలకలేదు. వినబడలేదనుకుని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడగనిచ్చాను.