పెరట్లో చప్పుడు

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడే మీకిష్టమైన పోలీసు సీరియల్ మళ్లీ మొదలైంది. సాయంత్రం అత్తయ్యగారూ నేనూ చూశాం. అడవిలో దారి తప్పిన ఇద్దరు పోలీసుల వెనక ఆకులు కదిలాయి. సరిగ్గా అప్పుడే మన పెరట్లో ధబ్బుమని ఏదో పడింది. నేను అత్తయ్యగారి పక్కకి జరిగాను.

ఇలాంటప్పుడు మీరు టీవీ మీంచి చూపు తిప్పకుండానే "కొబ్బరికాయ రాలిందిలే" అనేవారు. నేను నమ్మేసేదాన్ని.

ఈసారి అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "కాయ రాలిందిలే అమ్మా," అన్నారు.

"ఆయ్, కాయేనండీ," అన్నాను.

తలుపు తీసి చూద్దామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

మీ సంవత్సరీకానికి ముందే పెరట్లో కొబ్బరికాయలన్నీ దింపు తీయించాం. రాలడానికి చెట్ల మీద ముదురుకాయ ఒక్కటీ లేదు. దగ్గరుండి దింపించింది ఆవిడే.